బుగులు

సజ్జా అంటే సజ్జలు పండే జాగ అనుకున్న, షార్జాకు అచ్చిన కొత్తల.
సిమెంటు దుమ్ము తప్ప ఏమీ పండదిక్కడ.
ఎనిమిది మందికి ఒక రూము, ఒక ఏసీ,
అది రాత్రంతా ముసలోడు దగ్గినట్టు దగ్గుతది.

శనివారం రాత్రి మాకు దయ్యం సినిమా.
రెండు మంచాల నడుమ తెల్లలుంగి కడతం,
పోశెట్టి కొన్న పాత ప్రొజెక్టర్
పప్పుడబ్బా మీద కూసుంటది.
కొరియాదో, థాయ్‌లాండుదో, మనదో, ఏదైనా సరే.
కేకకు తర్జుమా ఎందుకు?

పగలు బుగులుపడే తీరిక లేదు.
ముప్ఫై రెండో అంతస్తు అంచున
నన్ను భూమికి ఇయ్యకుండ పట్టుకునేది బెల్టు కొక్కెం ఒక్కటే.
కాళ్లు వణికితే ఫోర్‌మన్ కంట్ల పడత.
అందుకే దాచిపెడతం, వారం పొడుగు,
శనివారం ఒక్కపారే ఖర్చు చేస్తం.
రెండేసి బస్తాలు మోసే పఠాన్ గుల్‌జమాన్
ముసుగేసుకొని వేళ్ల సందుల నుంచి చూస్తడు.
అరుస్తం. నవ్వుతం. మల్ల అరుస్తం.

మే నెలల లింబయ్య పోయిండు,
నిద్రలనే, కిటికీ పక్క కింది మంచంల.
పొద్దుగాల ఆయన ఫోన్ల అలారం మోగుతనే ఉన్నది.
"దాని నోరు ముయ్యి లింబయ్యా!" అన్న.
ఆ మాట ఎనుకకు తీసుకుందామంటే
వినేటోడు లేడు.
కాయిదం మీద సహజ మరణం అని రాసిండ్రు.
ముప్ఫై ఆరేండ్లోనికి ఏది సహజమో
మేం అడగలేదు, వాళ్లు చెప్పలేదు.
ఒక్క ముద్ర కోసం పందొమ్మిది రోజులు
మంచుపెట్టెల ఎదురుచూసిండు.

సినిమాల సచ్చినోడు తలుపు కొడతడు.
నిజంగ సచ్చినోడు ఏదీ కొట్టడు.
అసలు బుగులు అదే.

ఆ మంచం మీద బట్టలు ఆరేసినం,
ఉల్లిగడ్డల సంచి పెట్టినం,
ఒక్కడూ పండలేదు.

అప్పుడచ్చిండు ఒకెల్లో, యుగాండా మనిషి,
గోదాముల రాత్రి కావలి.
చీకట్ల కండ్లే కనపడతయని పోశెట్టి,
పండుకునే ముందు గోడతోని ఏదో గొణుగుతడని గుల్‌జమాన్.
నేనైతే నా గిన్నె వేరే అల్మారల పెట్టుకున్న.
శనివారాలు నేర్చుకున్న బొమ్మను
ఒక బతికున్న మనిషికి తొడిగినం.
లింబయ్య మంచం ఆయనకే ఇచ్చినం,
ఎవరిదో చెప్పలేదు.

ఆయనకు సెలవు దొరికిన మొదటి శనివారం
బాయిల పడి సచ్చిన ఆడామె సినిమా.
తడి జుట్టు, తడి కాళ్లు, గడప గడపకు తిరుగుతది.
మేం మామూలుగనే అరిచినం.
ఒకెల్లో అరవలే. తనకచ్చిన హిందీ ముక్కలల్ల
మెల్లగ అడిగిండు: "ఉస్కో క్యా చాహియే?"

ఆమెకేం కావాలె?
ఇన్ని దయ్యాలను చూసినం,
ఒక్కదాన్నీ ఆ మాట అడగలే.

పోశెట్టి సినిమా ఆపిండు.
ఆమె ముఖం లుంగి మీద నిలిచిపోయింది,
ఏసీ గాలికి ఊపిరి పీల్చినట్టు కదులుతున్నది.
ఏమనిపించిందో, ఒక్కసారే కక్కేసిండు:
"భాయ్, నీ మంచంల ఒకడు సచ్చిపోయిండు."

"తెలుసు," అన్నడు ఒకెల్లో.
"ఆయన పేరు గోడ మీద గీకి ఉన్నది.
చదవరాదు నాకు. అయినా రోజూ
ఆ గీతలకు గుడ్‌నైట్ చెప్పే పండుకుంట."

ఫోన్ లైటు పట్టుకొని వంగినం అందరం.
పరుపు ఎనుక, సున్నం మీద, మొలతో గీకిన అక్షరాలు.
పేరు లింబయ్యది కాదు.
"పోశెట్టి 20"

అప్పు లెక్క.

గుల్‌జమాన్ ముందు నవ్విండు, అర్థంగాకనే.
తర్వాత నేను. తర్వాత పోశెట్టి,
కడుపు పట్టుకొని, కిందవడి, ముక్కు చీది,
ఎప్పుడు ఏడుపుల దిగిండో మాకు తెల్వదు.
మే నెలల ఏడ్వలే వాడు. ఎవ్వరం ఏడ్వలే.
ఒకెల్లో నెత్తి మీద చెయ్యి పెట్టుకొని
"నెల రోజులు అప్పుకు గుడ్‌నైట్ చెప్పిన్నా!" అన్నడు.

లుంగి మీద ఆడామె ఇంకా నిలబడే ఉన్నది,
తడి ముఖంతో, గడపల.
జరిగి చోటిచ్చినం ఒకెల్లోకు, లింబయ్య మంచం మీదనే,
ఐదుగురం కూసున్నం.
"పెట్టు," అన్న. "ఆమెకేం కావాల్నో చూద్దాం."